నాన్న పెట్టని గురక

మా అమ్మ జీవితంలో పెద్దగా ఏమీ కోరుకోలేదు. మా నాన్న గురక పెడతాడని నలుగురూ నమ్మాలి, తన మీద పడ్డ అబద్ధాలకోరు అన్న పేరు పోవాలి. అంతే.

నాన్న లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. కాటా ఎంత చూపిస్తే అంతే చెప్పేవాడు, ఎవరికీ లొంగేవాడు కాదు. అలాంటి మనిషి తను గురక పెట్టనంటే చుట్టాలు కాదంటారా? పైగా, పెడితే ముందు తనకే వినపడాలిగా అని లా పాయింటు తీసేవాడు. సాక్ష్యం చెప్పబోయిన నన్నూ అక్కనీ అమ్మ కొంగు పట్టుకు తిరిగేవాళ్లమని కొట్టిపారేశాడు. అమ్మేమో రాత్రి లేని నిద్రని పగలు కుట్టుమిషను మీద తీర్చుకుంటూ, ఊళ్లోవాళ్ల చొక్కాలకి చేతులు తిరగేసి కుట్టేది. నిద్ర కరువైనందుకు కాదు, మాట చెల్లనందుకు కుమిలిపోయేది.

ఇలా ఉండగా అక్కకి పెళ్లయి మా బావ వచ్చాడు. ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తాడు. అది పొట్టకూటికి. ప్రాణమంతా మెడలో వేలాడేసుకునే ఒక బ్యాటరీ పెట్టె మీదే. ఏ చప్పుడైనా దానికి ఒకసారి వినిపించి మీట నొక్కితే, ఆపేదాకా అదే తిప్పి తిప్పి వాయిస్తుంది. దాని మీద ఇంకో చప్పుడు, ఆ పైన ఇంకోటి పేర్చి జనం ముందు కచేరీ చేస్తాడు. ఆయన దాన్ని లూప్ అంటాడు, అక్క పీడ అంటుంది. ఇంట్లో తలుపు కిర్రుమంటుంటే నూనె కూడా వెయ్యనివ్వడు.

ఒక ఆదివారం నాన్న భోంచేసి నడుం వాల్చగానే, బావ మైకు తీసుకెళ్లి ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. అమ్మ గుమ్మం దగ్గర కాపలా కాసింది.

లైబ్రరీ హాల్లో కచేరీ. అల్లుడి ముచ్చట కాదనలేక నాన్న ముందు వరసలో కూర్చున్నాడు. బావ మొదట అమ్మ కుట్టుమిషను చప్పుడు తిప్పాడు, దాని మీద తలుపు కిర్రు, ఆ పైన గురక. హాలంతా తలలూపింది. అమ్మ లేచి నిలబడి, ఈ ఆఖరిది మా ఆయనది అని చెప్పేసింది. నాన్న ఒంటికాలి మీద లేచాడు. అది పాత లారీ ఇంజను, రోజూ వింటాను, నాకు తెలీదా అన్నాడు. సగం మంది అమ్మ పక్షం, సగం మంది లారీ పక్షం.

ఆయన్నే స్టేజి మీద పడుకోబెడితే తేలిపోతుంది కదా అని లైబ్రేరియన్ అన్నాడు. తూచి చూడటమంటే నాన్న ఎన్నడూ వెనక్కి తగ్గలేదు. రెండు బల్లలు కలిపి పడుకున్నాడు. బావ మిగతావి ఆపి కుట్టుమిషను ఒక్కటే సన్నగా తిప్పాడు. ఏళ్ల తరబడి ఆ చప్పుడు వింటూ కునుకు తీసిన మనిషి, ఇట్టే నిద్రపోయాడు.

తర్వాత మొదలైంది. కిటికీ అద్దాలు అదిరాయి. మధ్యలో బావ పెట్టెలో బ్యాటరీ అయిపోయినా కచేరీ ఆగలేదు. జనం గురకకి తగ్గట్టు చప్పట్లు కొట్టారు. ఆవరణలోకి ఏ బండి వచ్చిందో చూద్దామని వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

ఆ గోలకి నాన్నకి మెలకువ వచ్చింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అంత బిక్కమొహం నేనెప్పుడూ చూడలేదు, నాకు జాలేసింది. ఆయన ఇంకెవర్నీ అడగలేదు. అమ్మ వైపే చూశాడు.

"నువ్వు చెప్పు. పెట్టానా?"

హాలు నిండా ఆవిడకి సాక్షులే. అమ్మ ఒకసారి వాళ్లందర్నీ చూసింది, తర్వాత ఆయన్ని చూసింది.

"లేదండీ. పెట్టె చప్పుడే" అంది.

నాన్న బల్ల దిగి, చొక్కా సర్దుకుని, జనం వైపు తిరిగాడు.

"విన్నారుగా? మా ఆవిడ ఎప్పుడూ అబద్ధం చెప్పదు."