మూడు వేళ్ళ సందు

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా పక్కింటావిడకి ఎనభై దాటాయి. వెన్నుపూస కుంగి, పది నిమిషాలు నిటారుగా నిలబడలేకపోయేది. డాక్టర్ ఇచ్చిన ప్లాస్టిక్ పట్టీ పక్కటెముకల్లో పొడుస్తోందని మూలన పడేసింది. పది రోజుల్లో మనవరాలి పెళ్ళి. చర్చిలో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది ఈవిడే.

"నీ జాకెట్లు నువ్వే కుట్టుకుంటావుగా హనీ, నడుం చుట్టూ బిగించుకునే కార్సెట్ ఒకటి నాకు కుట్టిపెట్టు," అంది.

డిపెండెంట్ వీసా మీద వచ్చిన నాకు అప్పట్లో ఇంగ్లీషు కంటే కుట్టే ఎక్కువ వచ్చు. నడుం బిగించాను. ముందు నాది, తర్వాత ఆవిడది.

వాళ్ళమ్మ కార్సెట్లు కుట్టే వర్క్‌షాపులో పనిచేసిందట. ఆవిడ సోఫాలో వాలి చెబుతుంటే నేను కత్తిరించేదాన్ని. గట్టి నేత గుడ్డ రెండు పొరలు, వాటి మధ్య నిలువుగా సన్నటి గొట్టాల్లా కుట్లు, ఒక్కోదాంట్లో ఒక ఉక్కు బద్ద. పూర్వం ఉక్కు బదులు తిమింగలం నోట్లోని పలకలు చీల్చి పెట్టేవారట.

"పాపం తిమింగలం," అన్నాను.

"పాపం మా అమ్మమ్మ అను. అది వేసుకునే ఊరందరి బట్టలూ ఉతికేది."

"అంత పనిలోనూ అందమేనా?"

"అందమా? నడుం నిలబడాలి కదా!"

మూడో రోజు తొడిగి, వెనక కంతల్లోంచి తాడు లాగాను. రెండు అంచులూ ముచ్చటగా కలిశాయి. నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఆవిడ మాత్రం లోపల గంటలో నాలుకలా ఊగుతోంది.

"ఇంకా లాగు."

"లాగడానికి ఇంక లేదు."

పైగా పక్కల్లో గుచ్చుకుంటోందంది. విప్పి తిరగేసింది. ప్రతి అతుకు దగ్గరా అంగుళమున్నర గుడ్డ, మూడేసి వరసల కుట్లు.

"ఇదంతా ఏమిటి?"

"రేపు లావైతే విప్పుకోవడానికి. మా దగ్గర అందరికీ ఇలాగే వదులుతాం." నా జాకెట్లకైతే మూడు వరసలూ ఎప్పుడో విప్పేశాను. ఆ సంగతి చెప్పలేదు.

ఆవిడ ఆ వరసలు వేలితో లెక్కపెట్టింది. "నువ్వు మనిషి పెరుగుతుందని కుట్టావు. నేను తరిగిపోతున్నాను హనీ. నాకు చోటు లోపల కాదు, వెనక కావాలి. అంచులు కలవకూడదు."

అంతా విప్పి మళ్ళీ కుట్టాను, వెనక మూడు వేళ్ళ సందు వదిలి. పెళ్ళిలో ఆవిడ నిటారుగా నడిచింది. ఆఖరి వరసలో నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. ఒక్క కుట్టూ తెగలేదు.

తర్వాత ఆవిడ దాన్ని రోజూ వేసుకుంది. కార్ల కంపెనీలు జనాన్ని తీసేస్తున్న చలికాలం అది. పొద్దున్నే మంచు తొక్కుకుంటూ వెళ్ళి తాడు బిగించేదాన్ని. "ఎంతుంది?" అని అడిగేది. క్రిస్మస్‌కి రెండు వేళ్ళు. జనవరిలో ఒకటి.

మంచు కరిగే రోజుల్లో ఓ పొద్దున అంచులు కలిశాయి.

"ఎంతుంది?"

"ఒక వేలు."

చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూసుకుంది. "ఎవరి వేలు హనీ?"

నేను తాడు విప్పసాగాను.

"సరే, తీసుకెళ్ళు. తగ్గించి కుట్టు. మళ్ళీ మూడు వేళ్ళు వదులు."

ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చున్నాను. తగ్గించిన గుడ్డని కత్తిరించలేదు. గుచ్చుకోకుండా పల్చగా పరిచి, లోపలే కుట్టాను. రేపు లావైతే విప్పుకోవడానికి.