మా బావ గంట ప్రయాణం

ఇయ్యాల విజయవాడల మా మేనమామ బిడ్డ నిశ్చితార్థం. సూర్యాపేట నుంచి అందరం బస్సుల పోదామనుకున్నం. మా అక్క మొగుడు, అంటే మా బావ మాత్రం వారం నుంచి ఒకటే గొప్పలు. "మీరు బస్సుల పడి రాండ్రి. హైదరాబాద్ నుంచి ఫ్లైట్ల గంటనే!"

విజయవాడ ఇటుంటే, ఆ ఫ్లైట్ కోసం ఆయన అటు మూడు గంటలు శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోవాలె. పొద్దుగాల ఐదింటికే కారేసుకొని పోయిండు. మా అక్క తెలివైంది, మాతోనే బస్సెక్కింది. తొమ్మిదింటికి ఎక్కి పదకొండున్నరకు దిగినం. ఉంగరాలు మార్చుకునుడు అయిపోయి, విస్తర్ల ముందు కూసున్నంక బావ వచ్చిండు.

"గంటనే పట్టింది" అన్నడు చెమట తుడుసుకుంట.

మా అమ్మ ఎన్నడూ విమానం ఎక్కలే. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బస్సులన్నీ సూర్యాపేటల చాయ్‌కి ఆగుతయని మాత్రం ఎరుక. "మన సూర్యాపేట మీదికెల్లే వచ్చింది కద అల్లుడా, చాయ్‌కి ఆపలేదా?" అని అడిగింది, నిజంగనే.

బావ విస్తరి ముందు కూలబడ్డడు.

"ఆపితే గాడనే దిగి మీ బస్సెక్కుతుంటి అత్తమ్మా."

ఇప్పుడు మాతోనే వాపస్ వస్తున్నడు. కోదాడ దాటినం. నా పక్క సీట్ల గురక పెడుతున్నడు. కారేమో శంషాబాద్‌లనే ఉండిపోయింది, ఈ బస్సేమో హైదరాబాద్ దాకా పోతది.

సూర్యాపేటల లేపాల్నా, వద్దా? మీరే చెప్పుండ్రి.