తెర మీద నీలం చుక్క

మా డ్రెనిత్స ఊళ్ళో టంకం పెట్టడం తెలిసిన ఆడవాళ్ళు ముప్పై ఒక్కమంది ఉన్నారు. ఆ ముప్పై ఒక్కమందికీ నేర్పింది ఒక్క మనిషే, వెలికా పెత్రునోవా. గొప్పకు రాస్తున్న మాట కాదిది. ఒక్కొక్కరి పేరూ చెప్పగలను.

నేను ఏడో తరగతి దాకానే చదివాను, అదీ ఈ ఊరి బడిలోనే. అయినా ఇరవై రెండేళ్ళుగా ఊరి పఠన మందిరానికి అధ్యక్షుణ్ణి. కింద సినిమా హాలు, పైన గ్రంథాలయం, వెనక వైపు వెలికా తరగతి గది. ఈ జిల్లాలో ఇంకే చిన్న ఊరి పఠన మందిరంలోనూ ఈ మూడూ ఒక్క కప్పు కింద లేవు. ఆ గదిలోనే ప్రతి అక్టోబరులో పదిహేనేళ్ళ పిల్లల నుంచి ఎవరొచ్చినా ఆవిడ రేడియోలు, ఇస్త్రీ పెట్టెలు, బొమ్మ రైళ్ళు విప్పి బాగుచేయడం నేర్పుతుంది. చర్చి లౌడ్‌స్పీకర్ బాగుచేసింది ఆవిడే. మా డాక్టరమ్మ వినికిడి యంత్రం ప్లోవ్దివ్ నగరంలో ఇక లాభం లేదన్నాక బాగుచేసిందీ ఆవిడే.

వెలికా పొగాకు పండించే ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడు పొగాకు ఆకులు సూదితో గుచ్చి దండలు కట్టేది. అందుకే ఆ వేళ్ళు అంత చురుకని నా నమ్మకం. ఆ తర్వాత పన్నెండేళ్ళు ప్లోవ్దివ్‌లో రేడియో ఫ్యాక్టరీలో పనిచేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరికి తిరిగొచ్చింది. తొంభై ఆరు చలికాలంలో మా ఊరి కుర్రాడు ల్యుబెన్ కరస్తానెవ్, ఇంజనీరు, చుట్టిన కాగితం ఒకటి పట్టుకుని ఆవిడ వంటింటి తలుపు తట్టాడు. ఫోను మోగగానే ఎవరు చేస్తున్నారో నంబరు చూపించే చిన్న పెట్టె బొమ్మ ఉంది ఆ కాగితంలో. అతనికి గీయడం వచ్చు, టంకం పెట్టడం రాదు. వెలికాకి అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు.

మూతపడ్డ ఊరగాయల కార్ఖానాలో, పొయ్యి లేని హాల్లో, వెలికా టంకం నేర్పిన ఊరి ఆడపిల్లలతో కలిసి, కోట్లు వేసుకుని పని మొదలుపెట్టారు. వెలికా రోజుకి అరవై రెండు సర్క్యూట్ బోర్డులు చేసేది. ఆ చలికాలం మొత్తంలో ఆవిడ చేసినవాటిలో ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ పెట్టెలు వచ్చాక మా ఊళ్ళో అత్తగార్ల ఫోన్లు ఎత్తేవాళ్ళు తగ్గిపోయారు. ల్యుబెన్ రాజధాని సోఫియా వెళ్ళి పెద్ద కంపెనీ పెట్టాడు. ఇప్పుడు దేశమంతా అతని పేరు తెలుసు. మా ఊరివాడు కదా, నాకూ గర్వమే.

రెండేళ్ళ క్రితం అతని జీవితం మీద సినిమా తీస్తామని సోఫియా నుంచి మనుషులొచ్చారు. వెలికా వంటింట్లో రెండు రోజులు కూర్చున్నారు. ఆవిడ వాళ్ళకి కాల్చిన మిరపకాయలు, జున్ను, రొట్టె పెట్టి ఉన్నదంతా చెప్పింది.

ఈ ఆగస్టులో ఆ సినిమాలో ఒక ముక్క అందరి ఫోన్లలోకీ వచ్చింది. అందులో ఒకామె కుడి మణికట్టుకి ఎర్రగళ్ళ చేతిరుమాలు కట్టుకుని, ప్రియుడితో కబుర్లు చెబుతూ టంకం పెడుతుంది. కొనడానికి వచ్చినవాళ్ళ ముందే పెట్టె పొగలు కక్కి కాలిపోతుంది. కథానాయకుడు ఆమెని పక్కకి నెట్టి, ఒక్కడే కూర్చుని అంతా చక్కదిద్దుతాడు. సినిమాలో ఆమెకి వేరే పేరు పెట్టారు. కానీ టంకం చుక్కలు చేతి మీద పడకుండా మణికట్టుకి ఎర్రగళ్ళ రుమాలు కట్టుకునే మనిషి మా ఊళ్ళో ఒక్కరే.

ఒక పెట్టె కాలిన మాట నిజమే. రెండు వందల పెట్టెల మొదటి ఆర్డరు, అందులో ఒక్కటి. అప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆర్డరూ పోలేదు.

మునిసిపాలిటీ నియమం ఏమిటంటే, అక్టోబరు ఒకటో తారీఖుకి ఎనిమిది పేర్లు రాకపోతే తరగతి రద్దు, గదికి తాళం. ఆగస్టు మొదట్లో హాలు గోడ మీది కాగితంలో ఏడు పేర్లున్నాయి. ఆ సినిమా ముక్క వచ్చిన వారానికి నాలుగు కొట్టేసి ఉన్నాయి. ఒక తల్లి నాతో మొహం మీదే అంది, "గెంచో తాతా, ఆవిడంటే నాకు ఇష్టమే. కానీ పిల్లాడి చేతికి నిప్పులాంటి టంకం కడ్డీ ఇచ్చి ఎలాంటి మనిషి ముందు కూర్చోబెట్టాలి?"

మంగలి స్తమాత్ దుకాణం ముందు నిలబడి వెలికాని ఆటపట్టించాడు. "అక్కా, ఈసారి చలికాలానికి మాకు కట్టెలు దొరకలేదు. నువ్వొచ్చి ఓ పెట్టె చేసి పెట్టరాదూ, వెచ్చగా ఉంటుంది."

"నీ గుండు నున్నగా మెరుస్తోంది స్తమాత్, ఎండలో కూర్చుంటే అదే వెచ్చబడుతుంది," అని ఆవిడ వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రొట్టెల కొట్టుకి పొద్దున్నే, ఎవరూ రాకముందే పోవడం మొదలుపెట్టింది. అది నేను కనిపెట్టాను.

సెప్టెంబరు ఇరవై ఆరున మా హాల్లో ఆ సినిమా వేయడానికి అప్పటికే ఒప్పుకుని ఉన్నాను. ల్యుబెన్ కూడా వస్తానన్నాడు. వెలికా దగ్గరికి వెళ్ళి, "నువ్వు వద్దంటే రద్దు చేస్తాను," అన్నాను. ఆవిడ పెరట్లో మిరపకాయలు కాలుస్తోంది.

"రద్దు చేస్తే ఏమవుతుంది అన్నా? ఫోన్లలో చూస్తారు, ఒక్కొక్కళ్ళూ విడివిడిగా. నేను పక్కన లేకుండా. అదే నయమా?"

"మరేం చెయ్యమంటావు?"

"వెయ్యి. నాకు మధ్య వరసలో కుర్చీ ఉంచు. చివర్లో కూర్చోబెడితే దాక్కున్నానంటారు. నాకు కావలసినవి ఇంకో ఐదు పేర్లు. ఆ గది పోతే ఈ వయసులో నేనేం చెయ్యను, టీవీ చూడనా?"

శనివారం సాయంత్రం ఐదింటికి ఆట. రెండు వందల నలభై కుర్చీలకి మూడు వందల మంది వచ్చారు. గోడల పక్కన నిలబడ్డారు. పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు జేబుల్లో వేసుకోమని ముందే చెప్పాను. వినలేదు. ల్యుబెన్ మొదటి వరసలో కూర్చున్నాడు, పక్కన సినిమా కంపెనీ తరఫు మనిషి. ఆట మధ్యలో ఆపకూడదని అతను నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు.

మా ఊరివాళ్ళు సినిమాని నోరు మూసుకుని చూడరు. రైలు స్టేషన్ కనబడగానే, "ఇది మనది కాదు, మన స్టేషన్‌కి గడియారం ఎక్కడుంది?" అన్నారు. కథానాయకుడు నడిచొస్తుంటే, "ల్యుబెన్‌కి అంత జుట్టు ఏనాడుంది రా?" అన్నారు. ఆడపిల్లలు పల్చటి చొక్కాలతో పనిచేస్తుంటే, "తొంభై ఆరులో అలా కూర్చుంటే ఆ సాయంత్రానికే పోయేవాళ్ళం," అని ఒకామె గొణిగింది. కొడుకు ఉద్యోగం మానేశానని చెప్పగానే తల్లి బల్ల మీద తల పెట్టి ఏడ్చే చోట హాలంతా గొల్లున నవ్వింది.

"మారా అత్త ఏడవడమా? చీపురు తీసుకుని వీధి చివరిదాకా తరిమింది."

"రెండుసార్లు," అన్నాడు ల్యుబెన్ ముందు వరస నుంచి. అందరూ నవ్వారు.

తర్వాత ఆ ఘట్టం వచ్చింది. ఎర్రగళ్ళ రుమాలు, ప్రియుడు, పొగ. వెనక కొందరు నవ్వారు. చాలామంది తలలు మధ్య వరసవైపు తిరిగాయి. వెలికా చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వైపే చూస్తోంది. కథానాయకుడు ఆమెని పక్కకి నెట్టి, కాలిన పెట్టె మూత విప్పి దీపం కింద పెట్టాడు. బోర్డు తెరంతా నిండింది, మా హాలు తలుపంత పెద్దగా.

అప్పుడు కూరగాయల కొట్టు గింకా లేచి నిలబడింది. ముప్పై ఒక్కమందిలో ఆమె రెండోది.

"ఆపండి," అంది. "గెంచో తాతా, ఆపమని చెప్పు. వెనక్కి తిప్పండి. మూల చూడండి, కుడి పక్క మూల. నీలం."

వెంటనే ఇంకో నలుగురు ఆడవాళ్ళు లేచారు. "నీలమే," "నీలం చుక్క," అంటూ అరుపులు మొదలయ్యాయి. బయటివాళ్ళకి ఇది అర్థం కాదు, అందుకని చెబుతున్నాను. కార్ఖానాలో వెలికా పెట్టిన పద్ధతి ఒకటుంది. బోర్డు పూర్తి చేసిన మనిషి మూలన తన గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టాలి. ఎప్పుడైనా పెట్టె వెనక్కి వస్తే ఎవరి పనో ఆ చుక్కే చెబుతుంది. గింకాది గులాబీ, వెలికాది తెలుపు, ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు. ఫ్లూ వచ్చి నలుగురు ఆడపిల్లలు మంచాన పడ్డ వారం ల్యుబెన్ కూడా టంకం పెట్టడానికి కూర్చున్నాడు. యజమాని కదా అని వెలికా వదల్లేదు. రంగులేని గోళ్ళరంగులో నీలం సిరా కలిపి అతనికో సీసా ఇచ్చింది. నీలం అతనిది, ఇంకెవరిదీ కాదు.

కంపెనీ మనిషి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఆపడానికి వీల్లేదండీ, మీరు సంతకం పెట్టారు."

"పెట్టాను. అందులో నా పేరు తప్పులేకుండా రాశాను కూడా," అని, సినిమా యంత్రం నడిపే కుర్రాడు ఇవోకి చెయ్యి ఊపాను. "వెనక్కి తిప్పి ఆ బొమ్మ దగ్గర నిలబెట్టు. దీపాలు వెయ్యి."

ఇరవై రెండేళ్ళలో నేను మధ్యలో ఆపించిన ఆట అదొక్కటే. బొమ్మ నిలిచింది. మూలన నీలం చుక్క భోజనం పళ్ళెమంత ఉంది.

"ఎవరిది ల్యుబెన్ అది?" అని గింకా అడిగింది.

ల్యుబెన్ లేచి హాలు వైపు తిరిగాడు. ఇప్పుడతనికి యాభై ఆరేళ్ళు. బడిలో పాఠం రానివాడిలా నిలబడ్డాడు.

"నాది."

"వెనకవాళ్ళకి వినబడలేదు."

"నాదే. ఆ రోజు కాలిన పెట్టే అది. ఇన్నాళ్ళూ నా ఆఫీసులో అద్దాల బీరువాలో దాచుకున్నాను. సినిమావాళ్ళు అడిగితే అదే ఇచ్చాను. చుక్క సంగతి నాకు గుర్తే లేదు. కాల్చింది నేనని కథ రాసేవాళ్ళకి చెప్పాను. కథానాయకుడే కాలిస్తే బాగుండదు, ఇంకెవరి మీదైనా పెడతామన్నారు. సరే అన్నాను."

"రుమాలు సంగతి?" అన్నాడు స్తమాత్. ఆటపట్టించిన మనిషే, ఇప్పుడు గొంతులో నవ్వు లేదు. "అది వెలికా అక్క రుమాలని నీకు తెలీదా? విడుదలకి ముందు నువ్వు చూడలేదా?"

"చూశాను. చూసి ఊరుకున్నాను."

అందరూ వెలికా వైపు చూశారు. ఏడుస్తుందనుకున్నవాళ్ళు ఉన్నారు, తిడుతుందనుకున్నవాళ్ళు ఉన్నారు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని తెర వైపు వేలు చూపించింది.

"ఆ చిప్పు మూడో కాలు దగ్గర చూడు. టంకం పారలేదు, బంతిలా నిలబడిపోయింది. కాలు వేడెక్కకుండానే చెయ్యి తీసేశావు. ఆ రోజు కూడా ఇదే చెప్పాను నీకు."

"చెప్పావు పిన్నీ," అన్నాడు ల్యుబెన్.

"అప్పటికి నువ్వింకా పిల్లవాడివి, చేతకాకపోవడం తప్పు కాదు. తర్వాత ఊరుకున్నావు చూడు, అది తప్పు." ఆవిడ నా వైపు తిరిగింది. "ఇక వెయ్యి అన్నా. డబ్బులిచ్చి వచ్చారు, మిగతాది చూడనీ."

మిగతా గంట నిశ్శబ్దంగా చూశారు. కథానాయకుడికి సోఫియాలో సన్మానం జరిగే చోట ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సినిమా అయ్యాక గోడ దగ్గర కాగితం ముందు నలుగురైదుగురు నిలబడ్డారు. కొట్టేసిన పేరు మీద మళ్ళీ రాయొచ్చా అని ఒక తల్లి అడిగింది. కింద కొత్తగా రాయమన్నాను. స్తమాత్ తన మనవరాలి పేరు రాశాడు. ఒకటో తారీఖు పొద్దున నేను కాగితం మునిసిపాలిటీకి తీసుకెళ్ళేటప్పటికి పదకొండు పేర్లున్నాయి. గుమాస్తా రెండుసార్లు చదివి ముద్ర వేశాడు.

ల్యుబెన్ మర్నాడు వెలికా ఇంటికి వెళ్ళాడు. ఆ ఘట్టం తీసెయ్యమని సినిమావాళ్ళని అడిగాడట, కుదరదన్నారట. గదికి కొత్త బల్లలు, కొత్త పనిముట్లు పంపిస్తానన్నాడు. "ఆ ఘట్టం తీయించగలిగితే తీయించు, లేకపోతే ఏమీ వద్దు," అందావిడ. కాఫీ మాత్రం ఇచ్చింది.

పోయిన వారం నాకు కళ్ళ పరీక్షకి ప్లోవ్దివ్ వెళ్ళే పని పడింది. అక్కడ ఇంకా ఆ సినిమా ఆడుతోంది. ఊరుకోలేక టికెట్టు కొనుక్కుని కూర్చున్నాను. ఆ ఘట్టం వచ్చింది. హాలంతా నవ్వారు. నా పక్కన కూర్చున్న ఆయన కూడా నవ్వాడు. ఆయనకి నీలం చుక్క చూపిద్దామనుకున్నాను. బొమ్మ తెర మీద రెండు సెకన్లు కూడా నిలవలేదు.

ఊరికి రాగానే నేరుగా తరగతి గదికి వెళ్ళాను. పదకొండు తలలు బల్లల మీదికి వంగి ఉన్నాయి. ముందు విప్పడం వస్తేనే అతకడం వస్తుందని మొదటి నెలంతా పాత టంకం ఊడదీయిస్తుంది వెలికా. స్తమాత్ మనవరాలి మణికట్టుకి చేతిరుమాలు కట్టి ఉంది. ప్లోవ్దివ్‌లో చూసింది ఆవిడతో చెప్పాను, బాధగానే చెప్పాను.

ఆవిడ ఒక పిల్లాడి చెయ్యి పట్టుకుని టంకం కడ్డీ వాలు సరిచేస్తోంది. తల ఎత్తలేదు.

"నవ్వుకోనీ అన్నా. వాళ్ళ పిల్లలెవరూ నా దగ్గర లేరుగా. వచ్చావు కదా, ఆ కిటికీ తియ్యి, పొగ పట్టేసింది."