రెండు సీట్ల కారుకి చక్రాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పయ్యేళ్లు టెక్కలిలో డ్రాయింగు మేస్టారుగా పనిచేసినవాణ్ణి. పిల్లలు వంకర గీత గీస్తే ఊరుకునేవాణ్ణి కాను, పెద్దవాళ్లు గీస్తే అసలే ఊరుకోను. రిటైరయ్యాక ఈ కోపం చూపించడానికి పిల్లలు లేకుండా పోయారు. అందుకని అదంతా మా బావ మీదా, ఆయన కారు మీదా పడింది.

బావంటే మా అప్ప మొగుడు. అక్కని మా ఇళ్లలో అప్ప అంటాం. వాళ్లది ఉద్దానంలో, సముద్రానికి కాస్త ఇవతల, కొబ్బరీ జీడీ కలిసి ఉన్న తోట. బావ వయసులో ఉండగా కలకత్తాలో పాత కార్లు బాగుచేసే గ్యారేజీలో పనిచేశాడు. ఆ గ్యారేజీ మూసేసేటప్పుడు దాని యజమాని, "ఇది నీ చేత్తోనే ఇన్నాళ్లు బతికింది, నువ్వే పట్టుకుపో" అని ఒక కారు ఇచ్చేశాడట. మన కొబ్బరికాయలు అక్కడ దించేసి ఖాళీగా తిరిగొస్తున్న లారీలో అది వాళ్ల తోటకొచ్చింది. రెండే సీట్లు. పైన కప్పు లేదు. తలుపు మోకాలి ఎత్తు, ముక్కు మాత్రం బారెడు పొడుగు. ముదురు ఆకుపచ్చ రంగు. చక్రాలు నాలుగూ విడిగా గోనె సంచుల్లో వచ్చాయి. దించిన నాడు కారుని తోటలోని షెడ్డులో ఇటికల మీద నిలబెట్టారు. ఆ తర్వాత పిల్లల చదువులు, తుఫాన్లు, పెళ్లిళ్లు. ఇరవయ్యేళ్లు అది ఆ ఇటికల మీదే ఉండిపోయింది.

మూడేళ్ల కిందట బావ కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఈ మాట ఎవరింట్లో విన్నా, "ఎప్పటినుంచి?" అని మాత్రమే అడుగుతారు. వారానికి మూడుసార్లు ఆటోలో పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుని వస్తాడు. దానికోసం ఎడమ చేతికి ఆపరేషన్ చేసి నరాన్ని లావు చేశారు. వేలు పెట్టి చూస్తే లోపల గుర్రుమంటూ ఉంటుంది. ఆ చేత్తో బరువెత్తకూడదు, దానికి వత్తిడి తగలకూడదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసీ చేసిన పని కాబట్టే ఇప్పుడు ఇదంతా రాస్తున్నాను.

ఒకరోజు ఆటో దిగి నేరుగా షెడ్డులోకి వెళ్లి కారు మీద కప్పిన టార్పాలిన్ లాగేశాడు. నేను అక్కడే ఉన్నాను.

"మేస్టారూ, బతుకంతా బండ్లు తోలినోణ్ణి. ఇప్పుడు ఆటోలో వెనక్కాల కూకుని పోతన్నాను. ఒక్కసారి మీ అప్పని పక్కన కూకోబెట్టుకుని, నానే తోలుకుంటూ సముద్రం కాడికి తీసికెళ్లాల. అంతే నాకు. ఇంకేటీ వద్దు."

ఆ 'నానే' అన్న మాటని ఆయన వత్తి పలికాడు. నాకు కళ్లు చెమర్చాయి. అది కనిపించకూడదని, ఈ డొక్కు ముందు కదిలితే కదా అని కసురుకున్నాను.

ఇంజను పని ఆయనది, కంటికి కనిపించే పని నాది. అలా పంచుకున్నాం. పలాస వెళ్లక్కర్లేని రోజుల్లో ఆయన చిన్న ముక్కాలి పీట మీద కూర్చుని ఒక్కో సామానూ విప్పి కడిగేవాడు. నేను ఆదివారాలు స్కూటర్ మీద నందిగాం దాటి, పలాస దాటి వెళ్లేవాణ్ణి. చక్రాల సంగతి తేల్చడానికి చార్టు కాగితాల మీద కారు బొమ్మ మూడుసార్లు గీశాను. ఒకదానికి రేకు చక్రాలు, మధ్యలో మెరిసే కప్పులు. ఇంకోదానికి ఇప్పటి కార్లకుండే లావు అల్లాయ్ చక్రాలు, మూలపేట పోర్టు పనికి వచ్చే కుర్రాళ్లు హైవే మీద తిప్పే రకం. మూడోదానికి సంచుల్లో ఉన్నవే, సన్నటి స్పోకుల చక్రాలు. మూడింటినీ షెడ్డు గోడకి మేకులు కొట్టి తగిలించాను.

చూసీ చూడగానే తెలిసిపోయింది. రేకు చక్రాలు పెడితే ఏదో గవర్నమెంటు బండిలా ఉంది. అల్లాయ్ పెడితే, బక్కపల్చటి మనిషికి గంబూట్లు తొడిగినట్టుంది. ఆ పొడుగు ముక్కుకి, ఆ పల్చటి ఒంటికి స్పోకులే నప్పుతాయి. చక్రంలోంచి అవతలి వెలుతురు కనిపించాలి. అప్పుడే కారు నేల మీద తేలికగా నిలబడినట్టుంటుంది. ఇదంతా బావకి పాఠం చెప్పినట్టు చెప్పాను.

"నానూ అదే అనుకున్నాను," అన్నాడు. "ఈటికి సన్న టైర్లు పడతాయి. బండి సులువుగా తిరుగుతాది."

ఆయన చెప్పింది ఏమిటో నేను పట్టించుకోలేదు. నా గొడవంతా అందం గురించే కదా.

ఒక్కో చక్రానికి డెబ్బై రెండు స్పోకులు. బావ చిన్న స్పానరుతో ఒక్కో స్పోకునీ తట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేవాడు. బిగువుగా ఉంటే ఖణేల్మనేది, వదులుగా ఉంటే మొద్దుగా పలికేది. అలా విని విని బిగించాడు. తుప్పు గీకి, మెరుగు పెట్టింది నేను. తొమ్మిది ఆదివారాలు పట్టింది. వేళ్ల చివర్లు అరిగిపోయాయి. చివరికి నాలుగూ వెండి కంచాల్లా తళతళలాడుతుంటే, నాకు నేనే ముచ్చటపడ్డాను.

పదో ఆదివారం వెళ్లేసరికి ఆ నాలుగు చక్రాలూ షెడ్డు దూలానికి కొబ్బరి తాళ్లతో వేలాడుతున్నాయి. నల్లగా. కారుతూ. కింద మా అప్ప చేతులకి ఆముదం రాసుకుని, చీపురు పుల్లల కుంచె పట్టుకుని, ఎంతో సంతోషంగా నిలబడి ఉంది.

"ఏటప్పా ఇది!" అని అరిచాను.

"జీడి నూనిరా. రెండు పూతలు పూసినాను. నువ్వంత కట్టపడి రుద్దినావు కదా, సముద్రం గాలికి మళ్లీ తుప్పట్టీదా మరి?"

జీడిపిక్కల తొక్కలోంచి తీసే నూనె అది. నల్లగా, జిగటగా ఉంటుంది, ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. మా వైపు పడవలకీ, గుమ్మాలకీ, దూలాలకీ అదే పూస్తారు. చెద పట్టదు, ఉప్పుగాలి తినదు. కానీ కారు చక్రాలకి పూసినవాళ్లని నేనెక్కడా చూడలేదు.

"గుమ్మాలు కర్రవప్పా! ఇది ఇనుము!"

"ఇనుమైతే మరీ మంచిది కదా. తుప్పట్టీది దానికే."

నాకు ఇంకా ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు అన్నాను. ఇల్లు వేరు, కారు వేరు అన్నాను. నా తొమ్మిది వారాలూ బూడిదలో పోశావన్నాను. మా అప్ప కుంచె డబ్బాలో పెట్టేసి, కళ్లు భుజానికి తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. పీట మీద కూర్చున్న బావ, "ఒగ్గీ మేస్టారూ. ఆరితే గట్టిపడతాది, బాగానే ఉంటాది," అన్నాడు. నేను వింటేగా.

పది రోజులు తిరక్కుండా విశాఖపట్నం నుంచి కొత్త అల్లాయ్ చక్రాలు తెచ్చాను. నేనే గీసి, నేనే కాదన్న రకం. పాత చక్రాలు మధ్యలో ఒకే ఒక పెద్ద నట్టుతో బిగుసుకునేవి. వీటికి నాలుగు బోల్టులు. అందుకని టెక్కలిలో లేతు మిషన్ దగ్గర, ఇరుసుకీ చక్రానికీ మధ్యలో బిగించే ఇనుప దిమ్మలు చేయించాను. బిగించాక టైర్లు మడ్‌గార్డు దాటి వేలెడు బయటికి వచ్చాయి. నా కంటికి తెలుస్తూనే ఉంది, దరిద్రంగా ఉందని. అయినా అభిమానం ఒకటి ఏడ్చింది కదా.

"ఎలా ఉన్నాయి బావా?"

ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి టైరు వెడల్పు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "నువ్వు తెచ్చినావు కదా. బాగుంటాయిలే," అన్నాడు.

మంచిరోజు చూసి పసుపూ బొట్లూ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టాం. మా అప్ప నామీద అలక మానేసి గళ్ల చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని బావ పక్కన కూర్చుంది. నిమ్మకాయలు చితికాయి. కారు షెడ్డులోంచి గేటు దాకా తిన్నగా వెళ్లింది. గేటు దగ్గర ఎడమ పక్కకి తిరిగితే సముద్రం రోడ్డు. అక్కడ ఆగిపోయింది.

"ఇంజను వేడెక్కిపోనాది. ఇయ్యాలకి సాలు," అన్నాడు బావ.

వారం పోయాక మళ్లీ బయల్దేరాం. మళ్లీ గేటు దగ్గరే ఆగింది. "కార్బొరేటర్లో సెత్త పడినట్టుంది," అన్నాడు. మా అప్ప దిగి, చీర మార్చుకుని, పొయ్యి మీద అన్నం పడేసింది. ఏ ఇంజనునీ తప్పుపట్టని మనిషి ఇలా సాకులు చెబుతున్నాడేమిటని నాకు అనుమానం రావాలి. రాలేదు. చిరాకు వచ్చింది.

మూడోసారీ అదే గేటు, అదే ఆగడం. ఈసారి ఆయన ఏ సాకూ చెప్పకుండా స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నేను స్కూటర్ దిగి వెళ్లాను.

"ఏటి బావా, తోలడం మర్సిపోనావా? నీవల్ల కాకపోతే సెప్పు, అప్పని నానే తీసికెళ్లిపోతాను!"

అన్నాక గానీ నాకు వినబడలేదు, నేనేమన్నానో. ఆయన మూడేళ్లుగా పెట్టుకున్న ఒకే ఒక్క కోరికని నేను గుంజుకుంటానన్నాను. బావ నావైపు చూడలేదు. తలుపు తీసుకుని మెల్లిగా దిగాడు.

"ఎల్లు," అన్నాడు.

మొండిగా ఎక్కి కూర్చున్నాను. గేరు వేసి, కారుని అంగుళం అంగుళం పోనిస్తూ స్టీరింగు తిప్పబోయాను. తిరగలేదు. రెండు చేతులతో పట్టి, భుజాలు బిగించి లాగితే బెత్తెడు కదిలింది. మళ్లీ లాగాను. మెడ నరాలు పట్టేశాయి. గట్టిగా ఉన్నవాణ్ణి, రెండు చేతులూ బాగున్నవాణ్ణి, నాకే ఊపిరి ఆడలేదు. ఆ లావు టైర్లు, వాటిని బయటికి తోసిన నా దిమ్మలు, నేలని ఉడుంపట్టు పట్టేశాయి.

తల తిప్పి చూశాను. బావ గేటు స్తంభానికి ఆనుకుని, ఎడమ చేతిని కుడిచేత్తో పొదివి పట్టుకుని నిలబడ్డాడు. ముందురోజు సూది తీసిన చోట వేసిన ప్లాస్టర్ అంచున రక్తం చెమ్మగా కనిపించింది. కారు ఆపి, దిగి, ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను.

"ఎందుకు సెప్పలేదు బావా?"

"ఎలగ సెప్పమంటావు? అక్కడినుంచి మోసుకొచ్చినావు. రెండు మూడుసార్లు తిప్పితే అలవాటైపోతాదనుకున్నాను."

"సన్న టైర్లయితే సులువుగా తిరుగుతాదని ముందే అన్నావు. నానే వినలేదు."

"నువ్వెప్పుడిన్నావు గనక!" అంది కారులోంచి మా అప్ప. అనేసి నవ్వబోయింది. బావ చేతి మీద రక్తం చూసి నవ్వలేకపోయింది. గబగబా దిగి వచ్చి, కొంగుతో ఆ చోట అదిమి పట్టుకుని, "మీ ఇద్దరికీ బుద్ధి లేదు," అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సిగ్గుపడలేదు.

రక్తం ఆగి, బావ పడుకున్నాక, అదే మధ్యాహ్నం అల్లాయ్ చక్రాలూ దిమ్మలూ నేనొక్కణ్ణే విప్పేశాను. దూలానికి వేలాడుతున్న పాతవాటిని దించాను. జీడి నూనె ఎండి, ముదురు గోధుమ నలుపులో నున్నగా గట్టిపడింది. నెలన్నర ఉప్పుగాలిలో వేలాడినా ఒక్క స్పోకుకీ తుప్పు చుక్క లేదు. నట్టు పట్టే చోట మాత్రం కిరసనాయిలు గుడ్డతో తుడిచి, బావ ముందే తెప్పించి ఉంచిన సన్న టైర్లు తొడిగి, నట్లు సుత్తితో కొట్టి బిగించి, దూరం జరిగి చూశాను. ఆకుపచ్చ ఒంటి కింద ఆ నలుపు! తళతళలాడే చక్రాలైతే చూపంతా అవే లాగేసేవి. ఇప్పుడు కారు మొత్తం కనిపిస్తోంది. నేను గీసిన ఏ బొమ్మలోనూ ఇంత అందం రాలేదు. వంటింట్లోకి వెళ్లి, "అప్పా, నీ నూని మంచిదే," అన్నాను. "బేగి తెలుసుకున్నావులే," అని నా నోట్లో ఒక బెల్లం ముక్క పెట్టింది.

చెయ్యి పూర్తిగా మానే దాకా, డాక్టరు సరేననే దాకా, ఆగాం. ఒక బుధవారం పొద్దున్నే, ఎండ ఇంకా ఎక్కకుండా, బయల్దేరారు. పూజ అక్కర్లేదంది అప్ప. ఉన్నవి రెండే సీట్లు కాబట్టి నేను స్కూటర్ మీద వెనకాల.

గేటు దగ్గర కారు నెమ్మదించింది. నేనూ స్కూటర్ నెమ్మది చేశాను. ఆయన గేరు మార్చిన చప్పుడు వినిపించింది. తర్వాత కారు చక్కగా, ఏ శ్రమా లేకుండా, సముద్రం రోడ్డు మీదికి తిరిగింది. కప్పు లేని కారు కదా, వెనకనుంచి నాకు అంతా కనిపిస్తోంది. మా బావ ఒక్క కుడి చేత్తోనే తిప్పాడు. ఎడమ చెయ్యి మా అప్ప ఒళ్లో ఉంది. దాన్ని ఆవిడ రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నేను స్కూటర్ అక్కడే ఆపేశాను.