పోచింగ్‌కు మూడో అర్థం

నేను పదో తరగతి దాటలేదు. నాకొచ్చిన ఇంగ్లీషంతా మా ఊరి గ్రంథాలయం పెట్టిన భిక్షే. ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను. ఒకరోజు పేపర్లో పులి చర్మాల వార్త చదువుతుంటే 'పోచింగ్' అన్న మాట తగిలింది. దొంగవేట అని తెలుసు. అయినా లావుపాటి నిఘంటువు తీశాను. గుడ్డును పగలగొట్టి, పెంకు లేకుండా వేడినీళ్లలో ఉడికించడం కూడా పోచింగేనట. ఒకరి దగ్గర పనిచేసే మనుషుల్ని ఆశపెట్టి లాక్కోవడమూ అదేనట. పక్కన కూర్చున్న స్నేహితుడికి చదివి వినిపించాను. అతని చేనూ నా చేనూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి.

"పులికీ గుడ్డుకీ ఒకటే మాటా? ఇంగ్లీషోళ్లకి మాటల కరువొచ్చినట్టుందిరా!" అని నవ్వాడు.

ఆ ఏడు మిరప కోతకు పడమటి ఊళ్ల నుంచి ఒక కూలీల ముఠాను నేనే వెళ్లి తెచ్చుకున్నాను. బోరు దగ్గర పాకలు వేయించాను. మొదటి కోత అయింది, ఆ కాయ అమ్మేశాను. రెండో కోతకు కాయ ఇంకా పండాలి. అప్పుడు అడిగాడు స్నేహితుడు: "ఊరికే కూర్చున్నారుగా, రెండ్రోజులు నా చేలోకి పంపరా."

పంపాను. గడువు దాటినా ముఠా తిరిగి రాలేదు. నా చేను ఎర్రగా పండిపోయింది. ఇంతలో వాన కబురు. తడిసిన కాయ తెల్లబడి తాలవుతుంది, దాన్ని అడిగేవాడుండడు. గట్టు దాటి వెళ్లాను.

"ఏరా, రెండ్రోజులన్నావుగా?"

"అన్నాను. ఉంటామంటే పొమ్మంటానా? కాళ్లకి తాళ్లేమన్నా కట్టానా?"

"మబ్బు పట్టిందిరా!"

"నా చేను మీద పట్టలేదా?"

మా మాటలు విని ముఠా మేస్త్రి సాళ్ల మధ్యలోంచి లేచింది. నడివయసు మనిషి. "అదేందన్నా, ఈ చేను అయ్యేదాకా ఇక్కడే ఉండమని నువ్వే చెప్పావంటగా! ఈయనే చెప్పాడు."

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. పులిని వేటాడేవాడు కనీసం అడవి కాపలావాళ్ల కళ్లుగప్పి వస్తాడు. ఇతను నన్ను అడిగి మరీ తీసుకెళ్లాడు. పైగా నా మాటగా అబద్ధం చెప్పాడు.

"సగం కోసిన చేను వదిలి ఎట్టా వచ్చేదన్నా? రేపు పొద్దున్నే వస్తాం," అంది మేస్త్రి.

వాన ఆ సాయంత్రమే మొదలైంది. ఫోన్ మోగింది. అతనే.

"ఒరేయ్, కల్లంలో కాయ తడుస్తోంది. నీ టార్పాలిన్ పట్టాలు రెండు పంపరా!"

గొంతులో బెరుకన్నది లేదు. ఫోన్ పెట్టేశాను. వసారాలో నా పట్టాలన్నీ మడత విప్పకుండా పడి ఉన్నాయి. కప్పడానికి నాకు కోసిన కాయ లేదు.