భ్రమరాంబ పంటికింద ముత్యం

ఆగిరిపల్లి తోటల్లో మామిడికాయలు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళకి భ్రమరాంబ నోరే సుప్రీంకోర్టు. ఎవరు ముత్యాల దండ కొన్నా ముందు ఆవిడ పళ్ళ మీద రుద్దాల్సిందే. ఇసక తగిలినట్టు గరగరలాడితే అసలుది, గాజులా నున్నగా జారితే నకిలీది. ఇరవయ్యేళ్ళలో ఆ తీర్పు ఒక్కసారీ తప్పలేదు.

పోయిన వేసవిలో ఆవిడ ఇంట్లో ఎవరూ లేనప్పుడు నిచ్చెన మీంచి పడి ముందుపళ్ళు రాలగొట్టుకుంది. మైలవరంలో కట్టుడు పళ్ళు పెట్టించుకుని, పుట్టింటికెళ్ళొచ్చానని చెప్పింది. పళ్ళు పోతే పోయాయి, పేరు పోకూడదుగా!

ఈ సీజన్లో మంగతాయారు కొత్త దండతో షెడ్డుకొచ్చింది.

"మా ఆయన హైదరాబాద్ నుంచి తెచ్చాడొదినా, కాస్త చూడవా?" అంది మురిసిపోతూ.

భ్రమరాంబ రుద్దింది. గరగర లేదు. అసలేమీ తెలియలేదు. చుట్టూ పదిమంది చూస్తున్నారు. తెలియలేదని ఎలా చెబుతుంది?

"ప్లాస్టిక్కే! మీ ఆయన నిన్ను పిచ్చిదాన్ని చేశాడే," అంది.

షెడ్డంతా గొల్లున నవ్వింది. మంగతాయారు దండ పుటుక్కున తెంపి పక్కనున్న కాలవలోకి విసిరేసింది. ఒక్క ముత్యం మాత్రం జారి కాయల గంపలో పడింది. ఆ గంప దగ్గర కాయలు ఏరుతున్న కుర్రపిల్ల శిరీష దాన్ని తీసి ఊరికే తన పళ్ళ మీద రుద్దుకుంది.

"ఇసకలా తగులుతోందత్తా! ఇది అసలు ముత్యమే!"

భ్రమరాంబ నోరు వెళ్ళబెట్టింది. పైపళ్ళ సెట్టు జారి వేలాడింది.

మంగతాయారు ఏడవలేదు. దగ్గరికొచ్చి ఆ సెట్టు లాగి, దాన్నీ కాలవలోకి గిరాటేసింది.

"ముత్యాలూ అక్కడే, పళ్ళూ అక్కడే. దిగి రుద్దుకో వదినా," అంది.