నేను రద్దు చేసుకున్న నీటి రిపోర్టు

2004 జూన్‌లో నన్ను ఖమ్మం జిల్లాలోని ఒక తాగునీటి పరీక్షా కేంద్రం నుంచి పినపాక మండలానికి నాలుగు రోజుల క్యాంపు మీద పంపారు. అప్పటికి జూనియర్ కెమిస్టుగా నాకు పదకొండేళ్ల సర్వీసు. పల్లెల్లోని బోరింగుల నీళ్లు సీసాల్లో మా దగ్గరికి వస్తాయి. వాటిలో ఫ్లోరైడ్, ఇనుము, నైట్రేట్ వంటివి ఎంతెంత ఉన్నాయో కొలిచి, తాగవచ్చో లేదో రాసి సంతకం చేయడం మా పని. ఆ సంతకం పడ్డాకే ఇంజనీర్లు బోరింగును ఊరికి అప్పగిస్తారు.

క్యాంపుకు కారణం అడవి అంచున నలభై గడపలున్న ఒక కోయగూడెం. బోరింగు వేసి ఏడాది దాటినా అక్కడ ఎవరూ ఆ నీళ్లు తాగడం లేదు. వాగు నీళ్లే తెచ్చుకుంటున్నారు. కిందటి వానాకాలం వాగుకు కొత్తనీరు వచ్చినప్పుడు వాంతులు, విరేచనాలతో గూడెంలో సగంమంది మంచం పట్టారు. ఇద్దరిని దవాఖానాకు మోసుకుపోయి సెలైన్ ఎక్కిస్తే బతికారు. మళ్లీ వానలు మొదలవుతున్నాయి. ప్రజలకు అవగాహన లేదు, నచ్చజెప్పవలసి ఉంది అని ఫైలు మీద రాసి ఉంది. నేనూ అదే నమ్మాను. ఆ నీళ్లు తాగవచ్చని రిపోర్టు ఇచ్చింది నేనే మరి.

మండలంలోని బోరింగులన్నీ విప్పి బిగించే మెకానిక్ యాకోబు నాతో వచ్చాడు. ఆడవాళ్లను బోరింగు దగ్గరికి పిలిచి, నా రిపోర్టు చూపించి, నీళ్లు మంచివేనని చెప్పాను. ముత్తమ్మ అనే పెద్దామె కాగితం వైపు చూడనేలేదు.

"మంచియయితే మేమెందుకు తాగం బిడ్డా? వాగుదాంక నడిచుడు మాకేమన్న సరదానా?" అంది. "అన్నం వండితే ఎర్రగయితది. చాయ్ పెడితే సిరా లెక్క నల్లగయితది. నోట్లె పోసుకుంటే గొడ్డలి నాకినట్టుంటది."

పైపులు తుప్పు పట్టాయేమో అన్నాను. యాకోబు తల అడ్డంగా ఊపాడు. "పోయిన ఎండాకాలమే కొత్త పైపులు ఏసిన మేడం. అయినా గట్లనే వస్తున్నయ్."

ముత్తమ్మ ఇంట్లోకి వెళ్లి రెండు ఆకు డొప్పలు, గుప్పెడు కరక్కాయ పొడి తెచ్చింది. ఒక డొప్పలో వాగు నీళ్లు, ఒక డొప్పలో బోరింగు నీళ్లు పోసి రెండింటిలోనూ చిటికెడు పొడి వేసింది. వాగు నీళ్లు లేత పసుపు రంగుకు వచ్చి ఆగాయి. బోరింగు నీళ్లు మేము చూస్తుండగానే నీలంగా మారి, తర్వాత నల్లబడ్డాయి.

"బట్టకు నలుపెక్కాల్నంటే కరక్కాయ రసంల ఇనుప ముక్కలు నానేస్తం" అంది ముత్తమ్మ. "గీ నీళ్లకు ముక్కలేసే పనే లేదు."

కరక్కాయలో టానిన్ ఉంటుంది. అది ఇనుముతో కలిస్తే నలుపు. ఎమ్మెస్సీలో చదివిన సంగతే. నా చేతిలోని రిపోర్టులో మాత్రం ఇనుము దాదాపు లేదని ఉంది. రెండింటిలో ఒకటి తప్పు. ఏది తప్పో నాకు అక్కడే అర్థమైంది. నవ్వుతారేమోనని తల ఎత్తి చూశాను. ఎవరూ నవ్వలేదు.

భూమిలో ఉన్నంతసేపు ఇనుము నీళ్లలో కరిగి ఉంటుంది, నీళ్లు తేటగా కనిపిస్తాయి. బయటికొచ్చి గాలిలోని ఆక్సిజన్ తగిలితే అది తుప్పుగా మారి అడుగుకు చేరుతుంది. అందుకే ఇనుము పరీక్షకు తీసే సీసాలో అక్కడికక్కడే కొన్ని చుక్కల యాసిడ్ వేయాలి. వేస్తే ఇనుము కరిగే ఉంటుంది. మొదటిసారి మా దగ్గరికి సీసా చాలా రోజులకు వచ్చింది. యాసిడ్ వేశారా అని నేను అడగలేదు. పైన తేరిన నీళ్లు తీసి కొలిచి సంతకం చేశాను.

ఈసారి బాగా పంపు కొట్టించి రెండు సీసాలు నింపాను. ఒకదానిలోనే యాసిడ్ వేశాను. పరీక్షా కేంద్రానికి తిరిగొచ్చాక రెండింటి పై నీళ్లకూ ఫినాంత్రోలిన్ కలిపాను. ఇనుము ఉంటే నారింజ రంగు చూపించే మందు అది. యాసిడ్ వేయని సీసా నీళ్లకు రంగే రాలేదు. రెండోది ముదురు నారింజకు తిరిగింది. లీటరుకు ఆరు మిల్లీగ్రాములు. ఒకటి దాటితే చాలు, తాగడానికి పనికిరాదని రాస్తాం.

నా పాత రిపోర్టు రద్దు చేయాలని నోట్ పెట్టాను. మా చీఫ్ కెమిస్టు మంచివాడే కానీ భయపడ్డాడు. ఇలా అయితే మనం ఇచ్చిన రిపోర్టులన్నీ అనుమానంలో పడతాయన్నాడు. పడితే అన్నీ మళ్లీ పరీక్షిద్దామన్నాను. కాసేపు నోట్ తిరగేసి సంతకం పెట్టాడు.

ఇనుము తీసే ఫిల్టరు బొమ్మను పుస్తకంలో చూసి గీసుకుని మళ్లీ గూడేనికి వెళ్లాను, కట్టింది యాకోబూ గూడెంవాళ్లూ. పైన చిల్లుల రేకు, దాని కింద బావుల్లో దింపేలాంటి సిమెంటు ఒరలు మూడు, ఒకదాని మీద ఒకటి. నీళ్లు చిల్లుల్లోంచి జల్లుగా పడితే ఆక్సిజన్ తగిలి ఇనుము తుప్పవుతుంది. ఆ తుప్పును కట్టెబొగ్గు, ఇసుక, గులకరాళ్లు పట్టేస్తాయి. బొగ్గు వాళ్లే కాల్చారు, ఇసుక వాగు నుంచి తెచ్చి కడిగారు.

మొదటిరోజు నీళ్లు తేటగా వచ్చాయి. ముత్తమ్మ కరక్కాయ పొడి వేసింది. నల్లబడ్డాయి. మగవాళ్లు కొందరు లేచి వెళ్లిపోయారు. యాకోబు చిల్లుల రేకునే చూస్తూ కూర్చున్నాడు.

"నీళ్లు జల్ది దిగిపోతున్నయ్ మేడం. గాలి తాకుతనే లేదు. ఒక్క రేకు జాగాల మూడు పెడదాం, ఎడం ఎడంగ" అన్నాడు.

పుస్తకంలో ఒకటే రేకు ఉంది. అతని మాటే సరైనదనిపించింది. రెండు రోజుల్లో మిగతా రెండు రేకులు బిగించాం. ఇసుక మందం కూడా పెంచాం. ఆ సాయంత్రం గూడెమంతా ఫిల్టరు చుట్టూ చేరింది. ముత్తమ్మ డొప్ప పట్టి, పొడి వేసి, కిందపెట్టింది. లేత పసుపు. అందరూ కదలకుండా చూశారు. పసుపు అలాగే ఉంది.

"అవ్, పోయింది! ఇనుము పోయింది!" అని ముత్తమ్మ అరిచింది. యాకోబును ఇద్దరు భుజాల మీదికి ఎత్తుకున్నారు. పొయ్యి వెలిగించి ఆ నీళ్లతోనే చాయ్ పెట్టారు. సిరాలా కాదు, చాయ్‌లాగే వచ్చింది. వెంట తెచ్చుకున్న మందుతో నేను అక్కడే చేసిన పరీక్షలో ఇనుము లీటరుకు సున్నా పాయింట్ రెండు మిల్లీగ్రాములు. ఆ అంకెను పెద్దగా చదివితే చప్పట్లు కొట్టారు. నా సర్వీసులో ఒక అంకెకు చప్పట్లు వినడం అదొక్కసారే.

ఆ వానాకాలం గూడెం నుంచి దవాఖానాకు సెలైన్ కోసం ఎవరూ పోలేదు. రెండేళ్లలో చుట్టుపక్కల మరికొన్ని గూడేల్లో అలాంటి ఫిల్టర్లే వచ్చాయి. అన్నిటికీ మూడు రేకులే.

కెమిస్టు రిపోర్టు సీసాలోని నీటి గురించి చెబుతుంది. సీసా నిండిన తీరు తెలియకపోతే, బోరింగు గురించి అది ఏమీ చెప్పదు. ఆ ఏడాది నుంచి సీసాతోపాటు నింపి పంపే మా ఫారంలో రెండు గడులు కొత్తగా పెట్టించాను. యాసిడ్ ఎప్పుడు వేశారన్నది ఒకటి. ఆ నీళ్ల గురించి తాగేవాళ్లు ఏమన్నారన్నది రెండోది. రిటైరయ్యేదాకా ఆ రెండో గడి ఖాళీగా వచ్చిన సీసాను నేను పరీక్షకు తీసుకోలేదు.